కందుకూరి వీరేశలింగం

కందుకూరి వీరేశలింగం పంతులు (1848 ఏప్రిల్ 16 - 1919 మే 27) సంఘ సంస్కర్త, రచయిత, పత్రికా సంపాదకుడు, ఉపాధ్యాయుడు. ఆంధ్రదేశంలో వితంతు పునర్వివాహాలకు, స్త్రీ విద్యకు బాట వేసినవాడుగా ఆయన సుప్రసిద్ధుడు. తెలుగులో నవల, ప్రహసనం, స్వీయచరిత్ర మొదలైన ప్రక్రియలకు ఆద్యుడుగానో, ఆద్యులలో ఒకడుగానో ఆయన పేరు చెప్పుకుంటారు. ఇన్ని పనుల నడుమ కొంత మరుగున పడిన పని ఒకటి ఉన్నది. రాజమండ్రిలో తాను పాఠం చెప్పే విద్యార్థుల చేతనే వేషాలు వేయించి ఆయన తెలుగు నాటకాలు ఆడించాడు. 1880లో జరిగిన ఆ ప్రదర్శనలతోనే ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన చరిత్రను మొదలుపెట్టడం సాహిత్య చరిత్రకారులలో పరిపాటి. ఆయన జయంతి దినమైన ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవం జరపడానికి కారణం ఇదే.

బాల్యము, విద్యాభ్యాసము

వీరేశలింగం రాజమండ్రిలో (నేటి రాజమహేంద్రవరం) పున్నమ్మ, సుబ్బారాయుడు దంపతులకు జన్మించాడు. పూర్వులు కందుకూరు నుండి వచ్చి గోదావరి తీరాన స్థిరపడినందున వారికి ఆ ఇంటిపేరు వచ్చింది. ఆరు నెలల పసివాడుగా ఉన్నప్పుడే మశూచి సోకింది. నాలుగేళ్ళ వయసులో తండ్రి మరణించగా పెదనాన్న వెంకటరత్నం ఆ కుటుంబాన్ని ఆదుకున్నాడు. చిన్ననాటి నుండి పిల్లవాడిది బలహీనమైన శరీరం, మొండి పట్టుదల. దగ్గు, ఉబ్బసం జీవితాంతం వెంటాడినా ఆయన చేసిన పని పరిమాణం చూస్తే అనారోగ్యం సంగతి చదువరికి గుర్తుండదు.

వీధిబడిలో బాలరామాయణం, ఆంధ్ర నామసంగ్రహం, అమరం, రుక్మిణీ కల్యాణం, శతకాలు వల్లె వేశాడు. పన్నెండవ ఏట ఇంగ్లీషు చదువు కోసం రాజమండ్రిలోని ప్రభుత్వ జిల్లా పాఠశాలలో చేరాడు. 1861లో బాపమ్మతో వివాహం జరిగింది. అప్పటికి వరుడి వయసు పదమూడు. ఆమె పేరును అత్తవారింట రాజ్యలక్ష్మిగా మార్చారు. బాల్య వివాహాలకు వ్యతిరేకంగా తరువాతి కాలంలో అంత పోరాడినవాడు స్వయంగా బాల్య వివాహితుడే.

చదువుకునే రోజులలోనే కేశవ చంద్ర సేన్ రచనలు చదివి బ్రహ్మ సమాజ భావాల వైపు మొగ్గాడు. విగ్రహారాధన, జాతకాలు, శకునాల మీద నమ్మకం సడలింది. దయ్యాలు లేవని నిరూపించడానికి అర్ధరాత్రి వేళ శ్మశానానికి వెళ్ళి వచ్చేవాడు. నోటితో చెప్పి ఊరుకోక, నలుగురూ చూసేటట్లు చేసి చూపడం ఆయనకు అప్పటినుండే అలవాటు. 1869లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు.

ఉపాధ్యాయ వృత్తి

పెదనాన్న మరణం తరువాత సంసార భారం మీద పడింది. ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగానికి ప్రయత్నించి, లంచం ఇవ్వనిదే పని కాదని తెలుసుకొని విరమించుకున్నాడు. న్యాయవాద వృత్తి చేపట్టాలన్న ఆలోచన కూడా వచ్చింది. అబద్ధాలు ఆడక, ఆడించక ఆ వృత్తిలో నిలవడం కష్టమని గ్రహించి దానినీ వదులుకున్నాడు. పదేళ్ళ తరువాత రాజమండ్రిలో ఆడించిన నాటకానికి ఇతివృత్తం సరిగ్గా ఈ కచేరీల లోకమే.

మిగిలినది బడిపంతులు ఉద్యోగం. మొదట కోరంగిలో పనిచేశాడు. 1874లో ధవళేశ్వరంలోని ఆంగ్లో వెర్నాక్యులర్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా వెళ్ళి రెండేళ్ళు ఉన్నాడు. ఆనకట్ట వల్ల పేరుపొందిన ధవళేశ్వరం అప్పుడు చిన్న ఊరు. బడి కూడా చిన్నదే. ఆయన జీవితంలోని ముఖ్యమైన పనులకు అక్కడే అంకురార్పణ జరిగింది. ఆ ఏడాదే బాలికలకు ప్రత్యేకంగా ఒక పాఠశాల ప్రారంభించాడు. ఆడపిల్లలకు చదువు ఎందుకని అడిగేవారే అధికంగా ఉన్న కాలమది. అదే ఏడాది అక్టోబరులో వివేకవర్ధని పత్రికను స్థాపించాడు. తొలి సంచికలను మద్రాసులో అచ్చు వేయించి తెప్పించుకోవలసి వచ్చేది. ఆ ఇబ్బంది తీరడానికి కొద్ది కాలంలోనే రాజమండ్రిలో సొంత ముద్రణాలయం పెట్టుకున్నాడు.

1876లో రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో తెలుగు పండితుడుగా చేరాడు. తాను చదువుకున్న జిల్లా పాఠశాలే పెరిగి కళాశాల అయినందున ఒక విధంగా ఇది సొంత బడికి తిరిగి రావడమే. ఇంగ్లీషు ప్రొఫెసర్లకున్న జీతం గాని హోదా గాని ఆనాటి తెలుగు పండితుడికి ఉండేవి కావు. పరీక్ష ముగిసిన తరువాత తెలుగు పాఠాన్ని తలచుకునే విద్యార్థులు అరుదు. వీరేశలింగం తరగతి వేరుగా నడిచింది. ఆయన చుట్టూ చేరిన విద్యార్థులు పత్రికలోని విషయాలు చర్చించారు, సభలకు వచ్చారు. 1878లో ఆయన స్థాపించిన ప్రార్థనా సమాజానికి కూడా విద్యార్థులు, యువకులే అండగా నిలిచారు.

పత్రిక నుండి ప్రహసనానికి

వీరేశలింగం మొదట పాత సంప్రదాయంలోని కవి. పెదవులు తగలని అక్షరాలతో, సంస్కృత పదం కలవని అచ్చతెనుగులో, వచనం లేకుండా నలచరిత్రను రాసి తన పాండిత్యాన్ని నిరూపించుకున్నాడు. శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధం అన్న పేరే ఆ కృతి స్వభావాన్ని చెబుతుంది. పరవస్తు చిన్నయ సూరి రాయకుండా మిగిల్చిన పంచతంత్ర భాగాలలో సంధి, విగ్రహాలను ఆయన వచనంలో రాశాడు. అంతటి గ్రాంథికుడు కొద్ది సంవత్సరాలలోనే సామాన్యులు మాట్లాడే భాషలో సంభాషణలు రాయడానికి దిగడం విశేషం. ఈ మార్పుకు కారణం పత్రిక. లంచగొండి ఉద్యోగినీ, అమ్మాయిని అమ్ముకునే తండ్రినీ ఎండగట్టడానికి నిరోష్ఠ్య పద్యం పనికిరాదు.

వివేకవర్ధనికి అనుబంధంగా 1876లో హాస్యసంజీవని వెలువడింది. ఈ పేరు వెనుక ఒక చిన్న తమాషా ఉన్నది. మద్రాసులో కొక్కొండ వెంకటరత్నం పంతులు నడిపిన ఆంధ్రభాషా సంజీవని సనాతన పక్షానిది. దానితో వీరేశలింగానికి నిత్యం వాగ్వాదం. ఎదుటివారి పత్రిక పేరులోని సంజీవనిని ఈయన తన హాస్య పత్రికకు తగిలించగా, ఈయన పత్రిక పేరులోని వర్ధనిని తీసుకొని వారు హాస్యవర్ధని వెలువరించారు. సాహిత్య వివాదాలు ఇంత సరదాగా నడిచిన సందర్భాలు తరువాతి కాలంలో తక్కువ.

బ్రహ్మవివాహం ఈ హాస్య పత్రికలోనే వచ్చింది. పెద్దయ్యగారి పెళ్ళి అన్న పేరుతో కూడా ఇది ప్రసిద్ధం. డబ్బు తీసుకొని పసిపిల్లను ముసలివాడికి కట్టబెట్టే కన్యాశుల్క దురాచారం ఇందులోని విషయం. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో విజయనగరంలో రంగస్థలం ఎక్కడానికి సుమారు పదిహేనేళ్ళ ముందే ఈ ప్రహసనం వెలువడింది. రచనా శిల్పంలో రెండింటికీ పోలిక లేదు. వీరేశలింగం పాత్రలు చాలావరకు ఒక దురాచారానికి ప్రతినిధులు. గురజాడ పాత్రలు మనుషులు. కాని ఇంట్లో, వీధిలో వినిపించే మాటను సంభాషణగా అచ్చులో పెట్టవచ్చునన్న ధైర్యం మొదటగా ఈ ప్రహసనాల వల్లనే కలిగింది.

రెండవది వ్యవహార ధర్మబోధిని. ప్లీడరు నాటకం అని జనం పిలిచేవారు. కోర్టు వ్యవహారాలలోని అక్రమాలు, లంచాలు, దొంగ సాక్ష్యాలు, కక్షిదారును పీల్చి పిప్పి చేసే ప్లీడర్లు దీనికి విషయం. ఇది కూడా మొదట పత్రికలోనే వెలువడింది.

విద్యార్థులతో నాటకాలు

అప్పటివరకు తెలుగునాట జనం చూసిన ప్రదర్శనలు యక్షగానాలు, కూచిపూడి భాగవతం, వీధి భాగవతాలు, తోలుబొమ్మలాటలు. ఇవి ఆరుబయట తెల్లవారేవరకు సాగేవి. పాట, ఆట, పద్యం వాటికి ప్రాణం. నాటకం పేరుతో తెలుగులో గ్రంథాలు లేకపోలేదు. కోరాడ రామచంద్ర శాస్త్రి మంజరీ మధుకరీయం 1860 ప్రాంతంలోనే రాశాడు. రాజమండ్రిలోనే వావిలాల వాసుదేవ శాస్త్రి షేక్స్పియరు జూలియస్ సీజర్‌ను తెలుగులోకి తెచ్చి, 1880లో నందకరాజ్యం అన్న స్వతంత్ర నాటకం రాశాడు. కాని ఇవి చదువుకునే పుస్తకాలుగానే నిలిచాయి.

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజంవారు కోస్తా జిల్లాలలో పర్యటిస్తూ రాజమండ్రికి వచ్చారు. తెరలు, అలంకరించిన రంగస్థలం, రంగులు మారే దీపాలు, అంకాలుగా సాగే కథ ఇక్కడివారికి కొత్త. ఆ నాటకాల భాష తెలుగు కాదు. అయినా జనం విరగబడి చూశారు. అర్థం కాని భాషలోని నాటకానికే ఇంత ఆదరణ ఉంటే సొంత భాషలో ఆడితే ఎలా ఉంటుందన్న ఆలోచన పలు ఊళ్ళలో పలువురికి కలిగింది. రాజమండ్రిలో ఆ ఆలోచనను వెంటనే అమలులో పెట్టినవాడు వీరేశలింగం. ఆయనకు నటులను వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఎదురుగా తరగతిలోనే కూర్చుని ఉన్నారు.

ఆయన విద్యార్థులతో ఒక నాటక సమాజం ఏర్పరచాడు. ధార్వాడవారు వదిలి వెళ్ళిన పాకనే ఈ ప్రదర్శనలకు ఉపయోగించుకున్నారని నాటక చరిత్రలు చెబుతాయి. వ్యవహార ధర్మబోధినితో పాటు చమత్కార రత్నావళి, రత్నావళి నాటకాలు ఆ కాలంలో విద్యార్థుల చేత ప్రదర్శింపబడ్డాయి.

ఈ మూడింటి ఎంపికలో ఉపాధ్యాయుడి చూపు కనిపిస్తుంది. చమత్కార రత్నావళి షేక్స్పియరు కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌కు తెలుగు సేత. ఒకే పోలికతో ఉన్న కవల యజమానులు ఇద్దరు, వారి కవల సేవకులు ఇద్దరు ఒకే ఊరిలో తారసపడడం వల్ల కలిగే తికమకలే కథ. ఒకరికి ఇవ్వవలసినది మరొకరికి ఇవ్వడం, భార్య తన భర్త అనుకొని వేరొకరిని భోజనానికి పిలవడం వంటి సంఘటనలతో కథ పరుగెత్తుతుంది. ఇటువంటి నాటకానికి గొప్ప గాత్రం గాని ఏళ్ళ తరబడి సాధన గాని అవసరం లేదు. మాట స్పష్టంగా పలకడం, సమయానికి రావడం, సమయానికి పోవడం తెలిస్తే చాలు. అనుభవం లేని కుర్రవాళ్ళకు ఇంతకంటే తగిన నాటకం దొరకడం కష్టం. పైగా అది ఇంగ్లీషు తరగతిలో వినే కవి రచన. అదే కథ తెలుగులో, తమ నోట, తమ ఊరివారి ముందు నడవడం ఆ విద్యార్థులకు సరికొత్త అనుభవమై ఉంటుంది.

రత్నావళి సంస్కృతంలో శ్రీహర్షుడు రచించిన నాటిక. సింహళ రాకుమారి ఓడ మునిగి, బ్రతికి బయటపడి, వత్సరాజు ఉదయనుడి అంతఃపురంలో సాగరిక అన్న పేరుతో పరిచారికగా ఉండడం, రాణి వాసవదత్త అసూయ, చివరికి ఆమె ఎవరో బయటపడడం ఇందులోని కథ. ఒకటి ఇంగ్లీషు నుండి, ఒకటి సంస్కృతం నుండి, ఒకటి తమ ఊరి కచేరీ నుండి. తరువాతి యాభై ఏళ్ళలో తెలుగు నాటకం నడిచిన మూడు దారులూ ఆ పాకలోనే కనిపిస్తాయి.

వీటిలో సాహసమైనది వ్యవహార ధర్మబోధిని. రాజమండ్రి జిల్లా కోర్టు ఉన్న పట్టణం. ప్లీడర్లు, కోర్టు ఉద్యోగులు అక్కడి పెద్దమనుషులు. విద్యార్థులలో పలువురు రేపు ఆ వృత్తిలోకే పోవలసినవారు. అప్పట్లో ఇంగ్లీషు చదువుకు అర్థం సర్కారు ఉద్యోగమో ప్లీడరీయో. ఆ పెద్దల అక్రమాలను ఆ ఊరిలోనే, వారు మాట్లాడే మాటలతోనే, కుర్రవాళ్ళ చేత అనుకరింపజేయడం తేలిక విషయం కాదు. పత్రికలో రాస్తే చదవడం వచ్చినవారికే తెలుస్తుంది. రంగస్థలం మీద చూపితే చదువు రానివారు కూడా ఎవరిని గురించి అన్నారో గుర్తుపట్టి నవ్వుతారు. తెలుగునాట ప్రదర్శింపబడిన మొదటి ఆధునిక నాటకంగా చాలామంది దీనినే పేర్కొంటారు.

ఆ కాలపు ఆచారం ప్రకారం స్త్రీ పాత్రలు కూడా మగపిల్లలే ధరించారు. కుటుంబ స్త్రీలు రంగస్థలం ఎక్కడం ఊహకందని సంగతి. నృత్యం, సంగీతం వృత్తిగా ఉన్న కళావంతుల ప్రదర్శనలను వీరేశలింగం తీవ్రంగా వ్యతిరేకించినవాడు. భోగం మేళాలను మాన్పించడానికి ఆయన చేసిన ప్రచారం వల్ల ఆ కులంలోని స్త్రీల కళకు, జీవనాధారానికి కలిగిన నష్టాన్ని ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశకాల నుండి పరిశోధకులు చర్చిస్తూ వచ్చారు. స్త్రీల మేలు కోరిన సంస్కర్త స్త్రీలు నేర్చిన కళను ఈసడించడం ఆయన జీవితంలో తేలికగా సమాధానపడని అంశం.

1881 డిసెంబరు

నాటక సమాజం ఎక్కువ కాలం నడవలేదు. అప్పటికే అంతకంటే పెద్ద పని తలకెత్తుకోవడం జరిగింది. 1879 ఆగస్టులో వితంతు వివాహాలు శాస్త్ర సమ్మతమేనని వీరేశలింగం ఉపన్యసించాడు. పండితులు ఖండించారు, ఆయన తిరిగి సమాధానం ఇచ్చాడు. వివాహాలు జరిపించడానికి ఒక సమాజం ఏర్పడింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధన సహాయం చేశాడు. కాని ధనంతో తీరే సమస్య కాదు. పిల్లను ఇచ్చే తల్లి, చేసుకునే వరుడు, పెళ్ళి చేయించే పురోహితుడు, వంట చేసేవారు, పంక్తిలో కూర్చుని భోజనం చేసే ధైర్యం ఉన్నవారు కావాలి.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో గోగులపాటి శ్రీరాములుకు, బాల వితంతువు గౌరమ్మకు వివాహం జరిగింది. తెలుగునాట ఉద్యమంగా జరిగిన తొలి వితంతు వివాహం ఇది. వధువును కృష్ణా జిల్లా నుండి రహస్యంగా తీసుకొని రావలసి వచ్చింది. పెళ్ళి రోజు అల్లర్లు జరుగుతాయన్న భయంతో పోలీసుల రక్షణ ఏర్పాటయింది. ఇంటి చుట్టూ, ఊరేగింపు వెంట కాపలాగా నిలిచినవారిలో విద్యార్థులు ఎందరో ఉన్నారు. ఏడాది కిందట వేషాలు వేసినదీ ఈ విద్యార్థి వర్గమే. నాటకంలో ముసలి వరుణ్ణి చూసి నవ్వడం ఒక ఎత్తు, నిజమైన పెళ్ళి పందిరి కింద నిలబడడం మరొక ఎత్తు. తరగతి గదిలో, పత్రికలో, పాకలో మొదలైనది ఇక్కడ పరీక్షకు వచ్చింది.

పరీక్ష కఠినంగానే సాగింది. పీఠాధిపతుల నుండి వెలి శ్రీముఖాలు వచ్చాయి. పెళ్ళికి వచ్చినవారిని, భోజనం చేసినవారిని కులం నుండి వెలివేశారు. ఆ రోజులలో వెలి అంటే ఇంటికి పురోహితుడు రాడు, శుభానికీ అశుభానికీ బంధువులు రారు, ఇంట్లో ఆడపిల్లకు సంబంధం కుదరదు. మొదట మద్దతు ఇచ్చిన పెద్దలలో కొందరు ప్రాయశ్చిత్తం చేసుకొని వెనుకకు తగ్గారు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థుల స్థితి మరింత ఇరకాటమైనది. అయినా బసవరాజు గవర్రాజు వంటి అనుచరులు నిలబడ్డారు. వంటవారు, నీళ్ళు తెచ్చేవారు మానివేయగా రాజ్యలక్ష్మి స్వయంగా గోదావరి నుండి నీళ్ళు మోసి, పెళ్ళివారికి వంట చేసి పెట్టింది. ఈ ఉద్యమ చరిత్రలో ఆమె పాత్ర భర్త పాత్రకు తీసిపోదు.

మొదటి వివాహం జరిగిన కొద్ది రోజులకే రెండవది జరిగింది. జీవితకాలంలో ఆయన జరిపించిన వితంతు వివాహాలు నలభై వరకు ఉంటాయని లెక్క. ఆ కొత్త జంటలకు ఇల్లు, ఉద్యోగం, రక్షణ చూడవలసిన బాధ్యత కూడా ఆయన మీదనే పడింది.

తరువాతి రచనలు, జీవితం

ప్రదర్శనలు ఆగినా నాటక రచన ఆగలేదు. కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలం, మాళవికాగ్నిమిత్రం, కృష్ణమిశ్రుడి ప్రబోధ చంద్రోదయం తెలుగు చేశాడు. షెరిడన్ నాటకాలను రాగమంజరి, కల్యాణ కల్పవల్లి అన్న పేర్లతో తెచ్చాడు. సత్య హరిశ్చంద్ర, ప్రహ్లాద, దక్షిణ గోగ్రహణం వంటి పౌరాణికాలు కూడా రాశాడు. వీటన్నింటిలో శాకుంతలానికి వచ్చిన కీర్తి ఎక్కువ. దాని తెలుగు తేటగా, పాఠశాలలో చదివించడానికి అనుకూలంగా ఉండడం అందుకు ఒక కారణం. ప్రహసనాల సంఖ్య చాలా పెద్దది. వాటిలో చాలావరకు ఆ వారం పత్రిక అవసరం కోసం రాసినవే. ఇప్పటి చదువరికి అందులోని వ్యక్తులు ఎవరో తెలియక రుచించవు.

గోల్డ్‌స్మిత్ నవల వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ ప్రేరణతో రాసిన రాజశేఖర చరిత్రము 1878లో పత్రికలో ధారావాహికగా వచ్చి 1880లో పుస్తకమయింది. ఆంధ్ర కవుల చరిత్రము, స్త్రీల కోసం 1883లో మొదలుపెట్టిన సతీహితబోధిని పత్రిక, వ్యాకరణ సంగ్రహాలు, ప్రకృతి శాస్త్ర గ్రంథాలు మరికొన్ని ముఖ్యమైన కృషులు. రాజమండ్రి ఇన్నీసుపేటలో బాలికా పాఠశాల ప్రారంభించాడు. 1890లో పట్టణంలో టౌన్ హాలు నిర్మింపజేశాడు. 1893లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. 1898లో మద్రాసులో జరిగిన జాతీయ సాంఘిక మహాసభకు అధ్యక్షత వహించాడు. కొంతకాలం మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడుగా పనిచేసి, ఉద్యోగం విరమించి రాజమండ్రికి తిరిగి వచ్చాడు. సంతానం లేని ఆ దంపతులు యావదాస్తిని హితకారిణీ సమాజం పేరున ధర్మకార్యాలకు ఇచ్చివేశారు. పాఠశాల, వితంతు శరణాలయం దాని ఆధ్వర్యంలోకి వచ్చాయి. 1910లో రాజ్యలక్ష్మి మరణించింది. రెండు భాగాల స్వీయచరిత్రము ఆ చివరి దశాబ్దంలో వెలువడింది.

నాటకరంగంలో ఆయన అనంతరం

రాజమండ్రి విద్యార్థి నాటకం వీరేశలింగంతో మొదలై ఆయనతో ఆగిపోలేదు. ఆ పట్టణంలోనే ఇమ్మానేని హనుమంతరావు నాయుడు హిందూ నాటక సమాజం నడిపాడు. ఆయన కూడా వృత్తి రీత్యా ఉపాధ్యాయుడే. ఆ సమాజం కోసమే చిలకమర్తి లక్ష్మీనరసింహం 1889లో కీచకవధ రాసి నాటకకర్తగా ప్రవేశించాడు. గయోపాఖ్యానం తరువాత వచ్చింది. ఒంగోలులో తన శిష్యుడైన ఒక పేద విద్యార్థిని హనుమంతరావు నాయుడు వెంటబెట్టుకొని రాజమండ్రి తెచ్చాడు. ఆ కుర్రవాడు చదువుకుంటూ చిలకమర్తి నాటకాలలో వేషాలు వేసి పేరు తెచ్చుకున్నాడు. ఆయనే టంగుటూరి ప్రకాశం పంతులు. వేషాల పిచ్చిలో పడి చదువు చెడకుండా ప్లీడరు, బారిస్టరు అయ్యాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు.

మిగిలిన ప్రాంతాలలో వేరు దారులు ఏర్పడ్డాయి. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభ ద్వారా పాటలు, పద్యాలు నిండిన నాటకాలు ఆడించాడు. ఆ పద్య నాటక ధోరణే కొన్ని దశాబ్దాలపాటు తెలుగు రంగస్థలాన్ని ఏలింది. వీరేశలింగం మొదలుపెట్టిన వచన ప్రహసనం ఆ హోరులో వెనుకపడింది. సాంఘిక నాటకం తిరిగి బలపడడానికి ఇరవయ్యవ శతాబ్దం కొంత దూరం నడవవలసి వచ్చింది.

నెల్లూరులో వేదం వేంకటరాయ శాస్త్రి 1897లో ప్రతాపరుద్రీయం ప్రచురించి, పాత్ర స్థాయిని బట్టి భాష ఉండాలన్న వాదాన్ని నిలబెట్టాడు. ప్రహసనాలలో వీరేశలింగం ముందే చేసిన పని ఇది. అయితే గ్రంథ రచనలో మాత్రం ఆయన చాలాకాలం గ్రాంథికాన్ని విడువలేదు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమం తలెత్తినప్పుడు వెంటనే అటు చేరలేదు. చివరికి 1919 ఫిబ్రవరిలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షుడుగా ఉండడానికి అంగీకరించాడు. డెబ్బై ఏళ్ళ వయసులో, జీవితమంతా రాసిన శైలికి ఎదురుగా తీసుకున్న నిర్ణయమది.

మూడు నెలలైనా గడవక ముందే, 1919 మే 27న మద్రాసులో, విజ్ఞాన సర్వస్వ నిర్మాత కొమర్రాజు లక్ష్మణరావు ఇంట వీరేశలింగం మరణించాడు. కేంద్ర తపాలా శాఖ 1974లో ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ప్రతిష్ఠించిన విగ్రహాలలో ఆయనది ఒకటి. రాజమండ్రిలో ఆయన నివసించిన ఇంటిని స్మారకంగా భద్రపరిచారు. ఉత్తమ రంగస్థల కళాకారులకు ఇచ్చే కందుకూరి పురస్కారాలు కూడా ఆయన పేరు మీదనే ఏర్పడ్డాయి.